తిట్టులేని తొమ్మిది రోజులు

బళ్ళు తెరిచే ముందు రెండు నెలలూ మా షెడ్డులో మనుషులు మనుషుల్లా ఉండరు. పన్నెండు కుట్టు మిషన్లు, రెండు ఓవర్‌లాక్ మిషన్లు, కటింగ్ బల్ల మీద కరెంటు కత్తి, వీటన్నిటికీ పైన నా గొంతు. మేం యూనిఫాంలు కుడతాం. నాలుగు బళ్ళ పిల్లలకి చొక్కాలు, నిక్కర్లు, గౌన్లు సెలవుల్లోనే తయారైపోవాలి. బడి తెరిచిన రోజు ఒక్క పిల్లకి చొక్కా అందకపోయినా ఆ బడివాళ్ళు మరుసటేడు మా గడప తొక్కరు. అందుకే అరుస్తున్నానని అందరికీ చెప్పేదాన్ని. నిజానికి మిగతా పది నెలలూ కూడా అరిచేదాన్నే.

నా నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. కోపం ముక్కు మీద ఉండేది, తిట్టు నాలిక చివర ఉండేది. దారాల కొట్టాయన, కరెంటు మెకానిక్కు, పక్క వాటాలో ఆవిడ, నా చేత చీవాట్లు తిననివాళ్ళు మా వీధిలో లేరు. కుట్టేవాళ్ళు వెనకాల నన్ను సైరన్ అనుకునేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి సిగ్గుపడాల్సింది పోయి కొంచెం మురిసిపోయాను కూడా, ఇప్పుడు దాచడం దేనికి.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు నా తమ్ముడు. షెడ్డులో కటింగ్ మాస్టరు వాడే. అమ్మ జ్వరంతో పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు, నాకు పదిహేను. అప్పట్నుంచీ వాడికి అన్నం కలిపి పెట్టిందీ నేనే, తిట్టిందీ నేనే. పెట్టిన చేతికి తిట్టే హక్కు ఉంటుందనుకున్నాను. వాడి చెయ్యి మాత్రం బంగారం. తొంభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి కత్తి నడిపితే పై పొరకీ అడుగు పొరకీ నూలుపోగంత తేడా వచ్చేది కాదు. మాటే తక్కువ. ఏదైనా అడగాలంటే ముందు వేళ్ళకంటిన సుద్ద ప్యాంటుకి తుడుచుకుని, నా ముఖం ఒకసారి చూసి, అప్పుడు నోరు విప్పేవాడు. చాలాసార్లు విప్పకుండానే వెనక్కి పోయేవాడు. వాడి స్వభావమే అంత అనుకున్నాను.

వాడికి పెళ్ళై రెండేళ్ళు. మరదలు చిన్నపిల్లల బడిలో ఆయా. షెడ్డు వెనకున్న మూడు గదుల్లో ముగ్గురం ఉండేవాళ్ళం. ఆ ఏడు సెలవులు మొదలైన కొత్తలో ఒక పొద్దున వంటగదిలో టీ గ్లాసు నా చేతికిచ్చి, తను నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మూడో నెల అని ముందు రోజే తెలిసింది. ఆ కబురుతో నేను అప్పటికే గాల్లో తేలిపోతున్నాను. అది చూసుకునే కాబోలు ధైర్యం చేసింది.

"వదినా, మా బడిలో ఒక పద్ధతుంది. పిల్లాడు గ్లాసు పడేస్తే 'పనికిమాలినవాడా' అనకూడదు. 'గ్లాసు పడింది, నీళ్ళు కారాయి, ఎవరైనా జారిపడతారని నాకు భయంగా ఉంది, తుడుద్దాం పట్టు' అనాలి."

"అంత పురాణం చెప్పేలోపు నీళ్ళు వాటంతటవే ఆరిపోతాయి కదే" అన్నాను.

నవ్వింది, కానీ వదల్లేదు. చూసింది చెప్పాలట. దానివల్ల మనకేమనిపించిందో చెప్పాలట. ఏం కావాలో అడగాలట. మనిషిని మాత్రం ఏమీ అనకూడదట. మాటలక్కూడా యూనిఫాం కుట్టిస్తున్నావన్నమాట అని ఆటపట్టించాను. అప్పుడు గ్లాసు కింద పెట్టి, చూపు నా మీంచి తిప్పకుండా చెప్పింది.

"ఆయన మిమ్మల్ని ఏదైనా అడగాలంటే ముందు నన్ను అడుగుతున్నారు వదినా, అక్క ఇవాళ ఎలా ఉందని. మీ ప్రాణమంతా ఆయనే అని నాకు తెలుసు. అది ఆయనక్కూడా తెలిస్తే బాగుండును. ఈ ఇంట్లో పుట్టబోయే బిడ్డ మొదట వినేది తిట్టు కాకూడదని నా కోరిక. వారం రోజులు చేసి చూడండి. నచ్చకపోతే మానేద్దాం."

బిడ్డ పేరెత్తితే నేనింకేం అంటాను. సరేనన్నాను.

ఆ మొదటి రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వు వెనకే ఏడుపూ వస్తుంది. మా షెడ్డులో గుండీ కాజాలు కుట్టే ముసలావిడ ఉంది, అందరికీ కాజాల పిన్నే. ఆవిడ కుట్టిన కాజా ఒకటి వంకర పోయింది. మామూలుగా అయితే ఆవిడ కళ్ళ దగ్గర మొదలుపెట్టి ఆవిడ అత్తగారి దాకా వెళ్ళేదాన్ని. ఆ రోజు చొక్కా చేత్తో పట్టుకుని ఆవిడ పక్కన కూర్చుని, "పిన్నీ, ఈ కాజా కొంచెం పక్కకి పోయింది. చూస్తే నాకు కంగారుగా ఉంది. ఇది విప్పి మళ్ళీ కుడతావా" అన్నాను. పిన్ని కళ్ళద్దాలు పైకి తోసి నావైపు చూసింది. తర్వాత చెయ్యి వెనక్కి తిప్పి నా నుదుటి మీద ఆనించింది. ఒళ్ళు వెచ్చగా లేదే అంది. ఒక్కో మిషనూ ఆగింది. ఎప్పుడూ వాగుతూనే ఉంటాడని మేం రేడియో అని పిలుచుకునే కుట్టుమనిషి లేచి నిలబడి, "అక్కా, మమ్మల్ని పనిలోంచి తీసేస్తున్నట్టయితే ముందే చెప్పెయ్" అన్నాడు. షెడ్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కటింగ్ బల్ల దగ్గర మా తమ్ముడు కూడా నవ్వుతున్నాడు, తల వంచుకుని, భుజాలు కదిలేలాగా.

రెండో రోజు వాడు నన్ను రెండు సంగతులు అడిగాడు. నాలుగో రోజుకి అయిదారు. కాలరులో గట్టి గుడ్డ ఒకటి చాలా రెండు వెయ్యాలా, గౌను మడతలు ఎటు తిరగాలి, నీలం గుడ్డ తాను ఇలా కాకుండా అడ్డంగా పరిస్తే ముక్కలు తక్కువ పోతాయి కదా అని. ఆఖరిది నాకు తట్టని సంగతి. ఇరవై ఏళ్ళుగా ఆ గుడ్డ నేను నిలువుగానే పరిపిస్తున్నాను. ఇన్నాళ్ళూ చెప్పలేదేం రా అన్నాను. నువ్వు అడగలేదు కదక్కా అన్నాడు. పని చేసుకుంటూ వాడు కూనిరాగం తీస్తాడని కూడా నాకు ఆ వారమే తెలిసింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, నా చేతుల్లో పెరిగినవాడు, వాడికో గొంతుందని నేను అప్పుడు విన్నాను. భోజనాల దగ్గర మరదలు ఇవాళ్టికి ఎన్నో రోజు అని అడిగేది. అయిదు అని నేను, ఆరు అని వాడు పోట్లాడుకునేవాళ్ళం. వారం పూర్తయ్యాక కూడా ఎవరూ ఆపమనలేదు. తొమ్మిది రోజులు నడిచింది.

పదో రోజు కరెంటు పెరిగి తగ్గి రెండు మిషన్ల మోటార్లు కాలిపోయాయి. అదే పూట మూడో బడివాళ్ళు ఫోన్ చేసి బడి వారం ముందు తెరుస్తున్నాం, బట్టలు ముందుగా కావాలన్నారు. దారాల కొట్టాయన తెల్లదారం లేదన్నాడు. ఆయన్ని ఫోన్లోనే చెడామడా కడిగేశాను. ఆ ఊపు ఆగలేదు. రేడియోని తిట్టాను, మెకానిక్కుని తిట్టాను. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఒక కాగితం పట్టుకుని, ఈ జేబు కొలత ఎందుకో తక్కువ అనిపిస్తోందక్కా అంటూ వచ్చాడు. "కాగితంలో ఉన్నట్టు కోయడమే నీ పని. నీ తెలివి అందులో కలపకు. నీ బుర్రలో ఉన్నది సుద్దపొడి" అన్నాను. కొందరు నవ్వారు. వాడూ నవ్వాడు. సరేనని వేళ్ళు తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి వాడు నన్ను ఏమీ అడగలేదు. కూనిరాగం కూడా ఆగిపోయింది. నేను గమనించలేదు, గమనించే తీరిక లేదు. మరదలు ఒకసారి మెల్లగా పద్ధతి మాటెత్తింది. చిన్నపిల్లల బడిలో నడిచేవి షెడ్డులో నడవవమ్మాయ్, ముందు ఈ నెల గట్టెక్కనీ అన్నాను. మళ్ళీ ఎత్తలేదు.

ఎదిగే పిల్లల బట్టలకి ఒక లెక్కుంది. కొలతలు సెలవులకి ముందే తీసుకుంటాం. సెలవులయ్యేసరికి పిల్లలు ఎదిగిపోతారు. అందుకని మామూలుగా వదిలే వదులు కాకుండా చాతీకీ పొడవుకీ ఇంకో రెండంగుళాలు కలిపి కోస్తాం. ఆ రెండంగుళాలూ కాగితం మీద నేనే కలిపి రాసేదాన్ని. తమ్ముడు కాగితంలో ఉన్నట్టు కోసేవాడు. ఆ ఏడు కొత్తగా వచ్చిన నాలుగో బడివాళ్ళు కొలతలు వాళ్ళే తీయించి జాబితా పంపారు. హడావిడిలో దాన్ని అలాగే తీసుకెళ్ళి తమ్ముడి బల్ల మీద పడేశాను. ఇందులో కలపలేదురా, నువ్వు కలుపుకో అని ఒక్క ముక్క చెప్పాల్సింది. మర్చిపోయాను.

వాడికి అనుమానం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది. ఆ జాబితా పట్టుకుని రెండుసార్లు నా గది గుమ్మం దాకా వచ్చాడట. మొదటిసారి నేను ఫోన్లో అరుస్తున్నాను. రెండోసారి కాజాల పిన్నిని నిలబెట్టి దులిపేస్తున్నాను. వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి పోయాడు. ఇదంతా తర్వాత పిన్ని చెప్పింది. ఆవిడకి నా తిట్లు వినబడుతున్నా గుమ్మంలో నిలబడ్డ వాడు కనబడ్డాడు. నాకు కనబడలేదు. కాగితంలో ఉన్నట్టు కోయమన్నాను కదా, అలాగే కోశాడు. నాలుగు వందల చొక్కాలు.

కుట్టి, కాజాలు తీసి, కట్టలు కట్టడం మొదలుపెట్టాక, రెండో బడి ఆరో తరగతి చొక్కా పక్కన నాలుగో బడి ఆరో తరగతి చొక్కా పెట్టి చూశాడు వాడు. చూసి ఏం చేశాడంటే, ముందు కూర్చుని ఒక అట్టముక్క మీద ఏదో లెక్క వేసుకున్నాడు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చాడు. మధ్యాహ్నం, షెడ్డులో అందరూ ఉన్నారు. టిఫిన్ గిన్నె ఇవ్వడానికి వచ్చి మరదలు కూడా గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, నాలుగో బడి చొక్కాలు అన్నీ రెండంగుళాలు తక్కువొచ్చాయి. నాకు చాలా భయంగా ఉంది. నేను ఒకటి ఆలోచించాను, నువ్వు…"

చూసింది చెప్పాడు. తనకేమనిపించిందో చెప్పాడు. ఏం కావాలో అడగబోతున్నాడు. మా ఇంట్లో ఆ పద్ధతి పట్టుబడింది వాడికొక్కడికే. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నా చెవులకి ఎక్కింది 'నాలుగో బడి' అన్నదీ, 'తక్కువ' అన్నదీ అంతే. ఒంటికాలి మీద లేచాను. వాడి చేతుల్ని తిట్టాను, కళ్ళని తిట్టాను, తిన్న తిండిని తిట్టాను. వాడు అట్టముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎదురు మాట్లాడితే ఆగేదాన్నేమో. మాట్లాడలేదు. అప్పుడు అన్నాను.

"ఆ జ్వరం అమ్మతో పాటు నిన్నూ తీసుకుపోయుంటే నా బతుకు బాగుండేది."

మిషన్లు ఎప్పుడు ఆగాయో తెలియదు. వాడు "సరే అక్కా" అన్నాడు. అట్టముక్క నా బల్ల మీద, కత్తెర పక్కన, జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు. మరదలు టిఫిన్ గిన్నె గట్టు మీద ఉంచి వెనక్కి తిరిగింది. ఎవరో ఒకరు మిషను తొక్కడం మొదలుపెట్టారు, మిగతావాళ్ళూ అందుకున్నారు.

సాయంత్రం టీ తాగుతూ ఆ అట్టముక్క చూశాను. మా సైజులన్నీ రెండేసి అంగుళాల తేడాతోనే ఉంటాయి. అంటే ఆరో తరగతికని కోసింది అయిదో తరగతికి సరిగ్గా సరిపోతుంది, అయిదోదానికని కోసింది నాలుగోదానికి. కట్టల మీద చీటీలు మార్చి ఒక్కో మెట్టు కిందికి జరిపితే చాలు. అందరికంటే పెద్ద సైజు అరవై చొక్కాలు మాత్రం కొత్తగా కోయాలి. అందరికంటే చిన్న సైజు అరవై మిగులుతాయి, అవి మూడో బడి పసిపిల్లలకి వెళ్ళిపోతాయి, రంగు ఒకటే కదా. ఒక్క అంగుళం గుడ్డ వృథా కాదు. అంతా వాడి గుండ్రటి అంకెల్లో బాణం గుర్తులతో సహా వేసి ఉంది. టీ గ్లాసు ఖాళీ అయ్యేంతసేపు ఆగి విని ఉంటే సరిపోయేది.

తప్పు నాదని తెలిశాక వెళ్ళి వాడి చేతులు పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. నా తప్పు నాకు తెలిసేసరికి నాకింకా ఒళ్ళు మండింది, ఎవరి మీదో కూడా తెలియదు. అక్కాతమ్ముళ్ళన్నాక మాట తూలదా, నా తమ్ముణ్ణి నేనన్నాను, పరాయివాణ్ణి అన్నానా అని నాలో నేనే వాదించుకున్నాను. ఆ పూట వాడి కంచంలో నా చేత్తో ఇంకొంచెం ఎక్కువ వడ్డించాను. అదే నా క్షమాపణ. వాడు పెట్టిందంతా తినేశాడు. తిన్నాడు కదా, సర్దుకున్నాడులే అనుకున్నాను.

ఆ తర్వాత పన్నెండు రోజులు వాడు పని చేసిన తీరు ఎవరూ చెయ్యలేరు. అరవై చొక్కాలూ కోశాడు, చీటీలన్నీ మార్చాడు, నాలుగు బళ్ళ కట్టలూ వేర్వేరుగా పేర్చాడు. నేను అడిగినదానికి అవును, కాదు, అయింది, ఇంతే. నేను కూడా ఆ పన్నెండు రోజులూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంబరపడ్డాను, అంత తెలివితక్కువదాన్ని. నాలుగు బళ్ళకీ చెప్పిన రోజుకి బట్టలు చేరాయి. ఒక్క పిల్ల కూడా పాత బట్టలతో వెళ్ళలేదు.

మర్నాడు షెడ్డుకి సెలవు. పొద్దున లేచి చూస్తే ముందుగదిలో రెండు బ్యాగులు సర్ది ఉన్నాయి. తమ్ముడు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. పరదాలు కుట్టే కొట్టులో పని దొరికిందక్కా, మేడ మీద గది కూడా ఇస్తామన్నారు, ఇవాళ చేరతానని చెప్పాను అన్నాడు. పనులన్నీ పూర్తి చేసే వెళ్తున్నానని కూడా అన్నాడు, ఏదో సెలవు అడుగుతున్న పనివాడిలాగా. వెళ్ళొద్దురా అనాల్సింది. కానీ నా నోరు ఎప్పుడైనా నన్ను బతకనిచ్చిందా. "పో. నెల తిరక్కుండా నా కాళ్ళ దగ్గరికి రాకపోతే అడుగు" అన్నాను.

వాడు ముందు బ్యాగులు పట్టుకుని బయటికి నడిచాడు. మరదలు నా దగ్గర ఆగింది. "వదినా, మీరు ఆ మాట అన్న రోజున ఆయన నన్ను ఒకటి అడిగారు. 'నేను చిన్నప్పట్నుంచీ అక్కకి బరువేనా' అని. కాదని చెప్పాను. నేను చెబితే నమ్మలేదు" అంది. నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి వెళ్ళింది. వీధి మలుపు దాకా చూశాను. వాడు వెనక్కి తిరగలేదు.

వానలు మొదలయ్యాయి. వానాకాలంలో మాకు పని తక్కువ. ఇంట్లో పొద్దున్నే టీకి మూడు గ్లాసుల నీళ్ళు పొయ్యి మీద పెట్టి, రెండు గ్లాసులు పారబోసేదాన్ని. నెల తిరిగింది, రెండో నెలా వచ్చింది. వాడు రాలేదు. గర్వం కొద్దిగా కొద్దిగా కరిగిపోయి కింద మిగిలింది ఏడుపొక్కటే. నా తమ్ముడు నాకు కావాలి. ఇంకేమీ వద్దు. అలా ఒప్పుకున్న రోజు నుంచే మరదలి పద్ధతి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరూ అడగలేదు.

తేలికేం కాదు. తిట్టు నోటిదాకా వచ్చేశాక దాన్ని ఆపి, అసలు నేను చూసిందేమిటి, నాకు కావాల్సిందేమిటి అని వెతుక్కోవాలి. సగంసార్లు నాకు ఏం కావాలో నాకే తెలిసేది కాదు. ఊరికే అరవడం అలవాటు, అంతే. ఒకసారి రేడియో జిప్పు తలకిందులుగా కుట్టాడు. నేను కాసేపు కళ్ళు మూసుకుని, ఇది తిరగబడిందయ్యా, విప్పి కుట్టడానికి ఎంతసేపు పడుతుంది అన్నాను. అరగంట అన్నాడు. సరేనన్నాను. వాడు వెళ్ళిపోతూ తిరిగొచ్చి, సైరన్ పాడైందా అక్కా అని నా ముఖం మీదే అన్నాడు. అవునయ్యా, ఇక బాగుచేయించనులే అన్నాను. పక్కనే ఉన్న కాజాల పిన్ని సూదిలోకి దారం ఎక్కిస్తూ, "ఈ మాటలేవో ముందే వచ్చుంటే…" అని ఆగిపోయింది. పూర్తి చెయ్యి పిన్నీ అన్నాను. ఆవిడ దారం తడిపి, మళ్ళీ సూది కన్ను వెతుక్కుంది.

వాడితో ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి కూడబలుక్కున్నాను. నవ్వుకోండి. నలభై అయిదేళ్ళు వచ్చాక బడిపిల్లలా అప్పజెప్పుకున్నాను. ఒక ఆదివారం సాయంత్రం, జల్లు పడుతుండగా వెళ్ళాను. కింద కొట్టు మూసి ఉంది. పక్కనుంచి ఇనుప మెట్లు. తలుపు మరదలు తీసింది. ఎత్తుగా కనబడుతున్న కడుపు మీద చెయ్యి వేసుకుని, రండి వదినా అంది. తడిసిన నా భుజాలకి తువ్వాలు ఇచ్చింది. ఒకటే గది, ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క మంచం. తమ్ముడు మంచం మీద కూర్చుని పరదా అంచు చేత్తో కుడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోరా అన్నాను. నేను స్టూలు మీద కూర్చున్నాక కూర్చున్నాడు.

"రేయ్, ఆ రోజు షెడ్డులో పదిమంది ముందు, అమ్మతో పాటు నువ్వూ పోయుంటే బాగుండేదన్నాను. నువ్వేం తప్పు చెయ్యలేదు. ఆ కాగితం మీద రెండంగుళాలు కలపనిది నేను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నువ్వు నాకు బరువు కాదురా, ఎప్పుడూ కాలేదు. నువ్వు లేని ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు. మీరిద్దరూ ఇంటికి రావాలని నా కోరిక. వస్తావా?"

ఒక్క ముక్క మర్చిపోకుండా చెప్పాను. గొంతు కూడా పెరగలేదు. మరదలు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తమ్ముడు చేతిలో ఉన్న పరదా మడిచి పక్కన పెట్టాడు.

"కోప్పడకుండా వింటావా అక్కా?"

"వింటాను."

"నువ్వు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే నా చేతిలో సూది జారిపోయింది. నీ నడక నాకు తెలుసు కదా. ఇప్పుడు నువ్వింత మెల్లగా మాట్లాడుతుంటే వినడానికి బాగుంది. కానీ నువ్వు మాటకీ మాటకీ మధ్య ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టుకుంటున్నాను, ఇప్పుడు తిడుతుందేమోనని. అది నేను కావాలని చేస్తున్నది కాదు. నీ మీద నాకు కోపం లేదక్కా. భయం ఉంది. పుట్టబోయే బిడ్డకి అది అంటించలేను. నేను రాను."

వాడు నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఎక్కడా తడబడలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చూసింది చెప్పాడు, అనిపించింది చెప్పాడు, కావాల్సింది చెప్పాడు. నేను కూడబలుక్కున్నదాంట్లో వాడు రానంటే ఏమనాలో లేదు. ఒళ్ళో తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

"ఇదివరకైతే ఈ మాట నీతో అనగలిగేవాణ్ణి కాదు" అన్నాడు వాడే మళ్ళీ. "బ్యాగు తీసుకుని నీ వెనకే వచ్చేసేవాణ్ణి."

"నాకు తెలుసు" అన్నాను.

మరదలు టీ పెడతానంది, వద్దన్నాను. లేచాను. ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. ఈసారి వచ్చేముందు ఫోన్ చెయ్యక్కా, నేను కాస్త సిద్ధంగా ఉంటాను అన్నాడు. అలాగేనన్నాను. తడి మెట్లు, కమ్మీ పట్టుకుని దిగమన్నాడు. పట్టుకుని దిగాను.

సగం దూరం దిగి ఆగాను. వెనక్కి తిరిగి చూస్తే వాడు ఒక్కడే తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. 'ఏమిట్రా నీ నాటకాలు, నడువు ఇంటికి' అని నా పాత గొంతుతో ఒక్క కేక పెడితే చాలు. ముప్పై ఏళ్ళ అలవాటు. వాడు ఏమనుకున్నా వాడి కాళ్ళు మెట్లు దిగి నా వెనక వచ్చేస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు. అందుకే తలుపు రెక్కని అంత గట్టిగా పట్టుకుని ఉన్నాడు. కేక గొంతు దాకా వచ్చింది. నాకు నా తమ్ముడు కావాలి, ఎలాగైనా కావాలి.

"తలుపేసుకో నాయనా, జల్లు లోపలికి కొడుతోంది" అన్నాను.

వాడు వేసుకున్నాడు.